పాత ఆసుపత్రి బిల్లు ముందు పెట్టుకుని కొత్త పాలసీ ఎంచుకోండి

నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పాను. మా వారు ఒక కంపెనీ గోడౌన్లో అకౌంట్లు రాసి రిటైరయ్యారు. ఇద్దరికీ పెన్షన్ లేదు, ప్రభుత్వోద్యోగులకుండే హెల్త్ కార్డూ లేదు. నాకిప్పుడు 66, ఆయనకి 71. ఆయనకి పదిహేనేళ్లుగా షుగరు, బీపీ. నాకు థైరాయిడ్, మెట్లెక్కితే పలికే మోకాళ్లు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మాలాంటి ఇంటికి ఆరోగ్య బీమా పాలసీ ఎంచుకోవడం వేరు, పాతికేళ్ల కుర్రాడు ఎంచుకోవడం వేరు. కుర్రాడికి ఆసుపత్రి ఒక అనుమానం. మాకు అది ఏ సంవత్సరమన్నదే అనుమానం.

2019లో మేం మొదటి పాలసీ కొన్నప్పుడు రెండే ప్రశ్నలు అడిగాం: ఎన్ని లక్షలకు, ప్రీమియం ఎంత? మూడు లక్షలన్నారు, ప్రీమియం మా చేతికి అందేటట్టే ఉంది, సంతకం పెట్టేశాం. 2022లో మా వారికి ప్రోస్టేట్ ఆపరేషన్ అయ్యాక గానీ ఆ పాలసీ నిజరూపం తెలియలేదు. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో, మా "ఫుల్ కవర్"లో కవర్ అంత.

అప్పటి నుంచి నేను ఎవరికైనా చెప్పేది ఒకటే పద్ధతి. బ్రోచర్లు పక్కన పెట్టండి. ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో ఈ మధ్య అయిన ఆపరేషన్ తాలూకు ఆసుపత్రి బిల్లు ఒకటి సంపాదించండి. కొనబోయే పాలసీ ఆ రోజు మీ దగ్గరుందనుకుని, ఆ బిల్లులో ఒక్కో వరుసకీ కంపెనీ ఎంత ఇచ్చేదో లెక్క కట్టండి. మీ జేబులోంచి ఎంత పోతుందో చివర్లో తేలుతుంది. పాలసీలను పోల్చాల్సింది ఆ అంకెతో.

మా బిల్లే చూపిస్తాను. లెక్క సులువుగా ఉండేందుకు అంకెల్ని వేలకు సర్దాను. రోజుకి 6,000 చొప్పున నాలుగు రోజుల రూము అద్దె 24,000. సర్జను, మత్తు డాక్టరు, థియేటరు, నర్సింగు కలిపి 96,000. మందులు, సెలైన్లు 30,000. స్కానింగులు, రక్త పరీక్షలు 18,000. అడ్మిషన్ ఫీజు, గ్లౌజులు, డయాపర్లు, ఫైలు చార్జీ, ఇలాంటి చిల్లర మల్లర 12,000. మొత్తం 1,80,000 రూపాయలు. పాలసీ మూడు లక్షలకి కదా, మొత్తం వచ్చేస్తుందనుకున్నాం.

పాలసీలో రూము అద్దెకి రోజుకి ఒక శాతం అని ఉంది. మూడు లక్షల్లో ఒక శాతమంటే 3,000. మేం తీసుకున్నది 6,000 రూము. కాబట్టి 24,000లో 12,000 కోత. ఇంతవరకూ నాకూ తెలుసు, పోతే పోయింది పన్నెండు వేలనుకున్నాను. కానీ కథ అక్కడితో ఆగలేదు. మీకు అర్హత ఉన్న రూము మీరు తీసుకున్న రూములో సగం కాబట్టి, సర్జను, థియేటరు, నర్సింగు చార్జీల్లోనూ సగమే ఇస్తామన్నారు. 96,000 కాస్తా 48,000 అయింది. దీన్ని ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. నేను ఏడో తరగతికి చెప్పిన అనుపాతమే. పిల్లలకి ఇంత బాధ పెట్టే ఉదాహరణ ఎప్పుడూ ఇవ్వలేదు.

చిల్లర మల్లర 12,000 అసలు లెక్కలోకే రాదన్నారు. ఇక మిగిలినవి: రూము 12,000, డాక్టర్లూ థియేటరూ 48,000, మందులు 30,000, పరీక్షలు 18,000. మొత్తం 1,08,000. ఇందులో మళ్లీ 20 శాతం కో-పే, అంటే ఆమోదించిన మొత్తంలో మా వాటా, 21,600. చివరికి కంపెనీ ఇచ్చింది 86,400. మేం కట్టింది 93,600. సగానికి పైగా మాదే.

నిజానికి మొదట ఇంకా తక్కువే ఇచ్చారు. ఆ సగం కోతని మందుల మీదా, పరీక్షల మీదా కూడా వేసేశారు. బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ అనుపాతం కోత వెయ్యకూడదు. ఐసీయూ చార్జీల మీదా వెయ్యకూడదు. రూము మారినా ఒకే రేటు తీసుకునే ఆసుపత్రిలోనూ వెయ్యకూడదు. కాగితం మీద లెక్క వేసి ఉత్తరం రాస్తే మూడు వారాలకి 19,200 వెనక్కి వచ్చింది. అడక్కపోతే ఆ డబ్బు అటే పోయేది.

ఇప్పుడు అదే బిల్లుని వేరే పాలసీల్లో వేసి చూడండి. రూము అద్దె పరిమితి లేకుండా 20 శాతం కో-పే మాత్రమే ఉంటే: 1,68,000కి అర్హత, చేతికి 1,34,400. రెండూ లేకపోతే 1,68,000. మేం 2019లో వద్దనుకున్న రెండో పాలసీ ఇలా రెండూ లేనిదే. దాని ప్రీమియం ఏడాదికి 9,000 ఎక్కువని వదిలేశాం. ఆపరేషన్ నాటికి అలా "మిగిల్చింది" నాలుగు ప్రీమియాల మీద 36,000. ఒక్క బిల్లులో పోగొట్టుకుంది 81,600.

అందుకని నా వరసలో మొదట చూడాల్సింది రూము అద్దె. "పరిమితి లేదు" అనో, కనీసం "సింగిల్ ఏసీ రూము" అనో ఉండాలి. రూపాయల్లోనో శాతంలోనో ఉంటే, మీరు వెళ్లే ఆసుపత్రిలో ఆ ధరకి రూము ఉందో లేదో ముందు కనుక్కోండి. పెద్దవాళ్ల పాలసీల్లో కో-పే 10 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. అది అసలే లేనివి దొరికితే మంచిదే, దొరక్కపోతే 10 శాతం దగ్గర ఒప్పుకోవచ్చు. కానీ రూము పరిమితి, కో-పే రెండూ ఉన్న పాలసీ జోలికి మాత్రం వెళ్లకండి. ఒకటి కోసిన దాన్ని రెండోది మళ్లీ కోస్తుంది.

మూడోది సబ్ లిమిట్లు. శుక్లాల ఆపరేషన్‌కి కంటికి ఇంత, మోకీలు మార్పిడికి ఇంత, హెర్నియాకి ఇంత అని విడివిడిగా గీతలు గీస్తారు. విచిత్రంగా ఆ జాబితా అంతా మన వయసు వాళ్లకి వచ్చేవాటితోనే నిండి ఉంటుంది. ప్రసవం ఖర్చులిస్తారట, నాకెందుకు? మోకాళ్లకి ఎంతిస్తారో చెప్పమనండి.

పోల్చడానికి ఒక కొలబద్ద కావాలంటే ఆరోగ్య సంజీవని పాలసీ కాగితం చదవండి. 2020లో వచ్చిన ఈ పాలసీని ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకీ ఒకే నమూనాగా ఇచ్చింది. షరతులు అంతటా ఒకటే, ప్రీమియమే వేరు. వచ్చినప్పుడు అందులో కో-పే 5 శాతం, రూము అద్దె బీమా మొత్తంలో 2 శాతం, గరిష్ఠంగా రోజుకి 5,000. శుక్లాలకి కంటికి 40,000 మించదు. గుడ్డి కన్నా మెల్ల మేలు అన్న మాట దీనికి సరిపోతుంది. మీకు చూపిస్తున్న "సీనియర్ స్పెషల్" దీనికంటే తీసికట్టుగా ఉంటే, ఆ స్పెషల్ ఎవరి కోసమో అడగండి.

బిల్లు లెక్కలో తేలనిది ఒకటుంది: కాలం. పాలసీ కొన్న మొదటి 30 రోజులు ప్రమాదాలకి తప్ప దేనికీ ఇవ్వరు. శుక్లాలు, హెర్నియా, మొలలు, ప్రోస్టేట్, కిడ్నీలో రాళ్లు, కీళ్ల మార్పిడి లాంటి వాటికి విడిగా నిరీక్షణ కాలం ఉంటుంది. చాలా పాలసీల్లో రెండేళ్లు, కొన్నింట్లో మూడేళ్లు. కొనేనాటికే ఉన్న జబ్బులకైతే ఒకప్పుడు నాలుగేళ్ల దాకా ఆగమనేవాళ్లు. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలతో అది మూడేళ్లు దాటకూడదు. ఎక్కువ ప్రీమియం తీసుకుని ఇంకా తగ్గించే పాలసీలూ ఉన్నాయి. 68 ఏళ్ల మనిషికి మూడేళ్లంటే చిన్న సంగతి కాదు. మీ బిల్లు లెక్క పక్కనే "ఈ డబ్బు ఏ తేదీ నుంచి వస్తుంది" అని ఇంకో గడి గీసుకోండి. మోకాళ్లు ఇప్పటికే నొప్పెడుతుంటే, ఆపరేషన్ చేయించుకోవాలనుకుంటున్న ఏడాదికి కొనడం కుదరదు. మూడేళ్ల ముందే కొనాలి.

ఇక దరఖాస్తు ఫారం. మా మొదటి పాలసీ ఇప్పించిన అబ్బాయి నా దగ్గరే చదువుకున్నాడు. బుద్ధిమంతుడే. "టీచరుగారూ, మీరు కూర్చోండి, నేను నింపేస్తాను" అని వాడే నింపాడు. పాలసీ ఇంటికొచ్చాక చూసుకుంటే మా వారి పేరు కింద షుగరు లేదు, బీపీ లేదు అని ఉంది. ఫోన్ చేసి అడిగితే, "అవి రాస్తే ప్రీమియం పెరుగుతుంది టీచరుగారూ, ఎవరు చూస్తారు?" అన్నాడు. ఎవరు చూస్తారా? క్లెయిమ్ రోజున వాళ్లే చూస్తారు. ఆసుపత్రిలో చేరగానే డాక్టరు కేస్‌షీట్లో మొదటి వాక్యం "ఎనిమిదేళ్లుగా షుగరు" అని రాస్తాడు. ఆ కాగితమే కంపెనీకి వెళుతుంది.

అప్పట్లో నచ్చకపోతే పాలసీ వెనక్కివ్వడానికి 15 రోజులే గడువు. పదకొండో రోజున జబ్బులన్నీ రాసి, కావాలంటే పాలసీ రద్దు చేసుకోండి అని ఉత్తరం పంపాను. వాళ్లు రద్దు చెయ్యలేదు, ప్రీమియం కొంత పెంచి సరిచేశారు. ఇప్పుడు ఈ గడువు 30 రోజులు. ఆ నెల రోజుల్లో చెయ్యాల్సిన పని ఒకటే: మీ ఫారం కాపీని కళ్లద్దాలు పెట్టుకుని మీరే చదవడం. తాతల నాటి స్టెంటు, పదేళ్ల కిందట మానేసిన మాత్ర, టీబీ, ఫిట్స్, ఏదీ వదలొద్దు. 60 నెలలు ఆపకుండా పాలసీ నడిస్తే, మోసమని రుజువైతే తప్ప, "మీరు అప్పుడు చెప్పలేదు" అని క్లెయిమ్ కొట్టెయ్యడానికి వీల్లేదన్న రక్షణ ఉంది. ఇంతకుముందు ఇది ఎనిమిదేళ్లు. అలాగని దాన్ని నమ్ముకుని అబద్ధం రాయకండి. అయిదేళ్లు జబ్బు రాకుండా కాపలా కాసేదెవరు?

65 దాటితే కొత్త పాలసీ రాదనేది పాత మాట. 2024 నుంచి కంపెనీలు అన్ని వయసుల వాళ్లకీ పాలసీలు ఉంచాలని ఐఆర్‌డీఏఐ చెప్పింది. అంటే అడిగిన ప్రతివాళ్లకీ ఇచ్చి తీరాలని మాత్రం కాదు. పరీక్షలు చేయిస్తారు, రిపోర్టులు చూస్తారు, ప్రీమియం పెంచుతామంటారు, కొన్నిసార్లు వద్దంటారు.

2023లో మేం పాత కంపెనీ వదిలి కొత్తదానికి మారాలనుకున్నప్పుడు మా వారికి 68. రెండు కంపెనీలు ఆయన షుగరు రిపోర్టు చూసి కుదరదన్నాయి, మూడోది ఒప్పుకుంది. ఇలా మారడాన్ని పోర్టబిలిటీ అంటారు. పాత పాలసీలో గడిపిన ఏళ్లు కొత్తదాంట్లో నిరీక్షణ కాలం కింద లెక్కలోకి వస్తాయి. కానీ పాత బీమా మొత్తం వరకే. మేం మూడు నుంచి అయిదు లక్షలకి పెంచుకున్నాం. ఆ పెరిగిన రెండు లక్షలకి గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలైంది. రెన్యువల్‌కి రెండు నెలల ముందే దరఖాస్తు చెయ్యండి. కొత్త కంపెనీ ఒప్పుకున్నట్టు కాగితం చేతికొచ్చేదాకా పాతదాన్ని వదలకండి. మా రెండు నిరాకరణలకే నెల గడిచిపోయింది.

డెబ్బై నిండిన వాళ్లున్న ఇల్లయితే, పాలసీల కంటే ముందు ఒక ప్రభుత్వ కార్డు పని చూడండి. 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కింద 70 ఏళ్లు, ఆపైన ఉన్న అందరికీ ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి అయిదు లక్షల దాకా చికిత్స ఉంది. ఆయుష్మాన్ వయ వందన కార్డంటారు. ఆధార్ చాలు. నిరీక్షణ కాలం లేదు, ఉన్న జబ్బులకి మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లూ తీసుకోవచ్చు. సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వోద్యోగుల వైద్య పథకం), మాజీ సైనికుల పథకం లాంటివి ఉన్నవాళ్లు మాత్రం రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటినవాళ్లయితే ఆ అయిదు లక్షలూ ఇద్దరికీ కలిపే. మా వారికి డెబ్బై నిండిన నెలలోనే చేయించాను.

కార్డు ఉంది కదా అని పాలసీ మానేశామా? లేదు. ఆ పథకంలో ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి, అక్కడ పట్టికలో ఉన్న చికిత్సే చేస్తారు. మా వారి గుండె డాక్టరు కూర్చునే ఆసుపత్రి అందులో లేదు. తెల్లరేషన్ కార్డు ఇళ్లకి తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబరులో దాని పరిమితిని పది లక్షలకి పెంచారు. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది. వాటికి అర్హత ఉన్న ఇంట్లో ప్రైవేటు పాలసీకి అప్పు చేసి మరీ ప్రీమియం కట్టడం నాకు తెలివైన పనిగా కనిపించదు. ముందు ఆ కార్డుతో మీ ఊళ్లో ఏ ఆసుపత్రికి వెళ్లొచ్చో, మీ జబ్బుకి అక్కడ ఏం చేస్తారో తెలుసుకోండి. చాలదనిపిస్తేనే మిగతాది.

ఎన్ని లక్షలకి తీసుకోవాలి అన్న ప్రశ్న నేను కావాలనే ఇంత కిందికి తెచ్చాను. షరతులు బాగున్న అయిదు లక్షలు, షరతుల పుట్టయిన పది లక్షల కంటే నయం. పెద్ద ఆపరేషన్ భయముంటే మొత్తాన్ని సూపర్ టాపప్‌తో పెంచుకోవడం చవక. మాకు అయిదు లక్షల మామూలు పాలసీ, దాని మీద అయిదు లక్షలు దాటాక పనిచేసే సూపర్ టాపప్ ఉన్నాయి. కొనేటప్పుడు "సూపర్" అన్న మాట ఉందో లేదో చూసుకోండి, అది ఆర్భాటానికి పెట్టిన పేరు కాదు. ఒకే ఏడాదిలో నాలుగేసి లక్షల బిల్లులు రెండు వచ్చాయనుకోండి. ఉత్త టాపప్ ఒక్కో బిల్లునీ విడిగా చూస్తుంది. రెండూ అయిదు దాటలేదు, రూపాయి ఇవ్వదు. సూపర్ టాపప్ రెండింటినీ కలిపి ఎనిమిదిగా చూసి, అయిదు పోను మూడు లక్షలిస్తుంది. మన వయసులో ఒకే పెద్ద బిల్లు కంటే ఏడాదిలో రెండు మూడుసార్లు ఆసుపత్రి పాలవడమే ఎక్కువ.

ఇదే కారణంతో "రెస్టొరేషన్" గురించి ఒక ప్రశ్న అడగండి. బీమా మొత్తం అయిపోతే మళ్లీ నింపుతామంటారు. అదే జబ్బుకి నింపుతారా, వేరే జబ్బుకేనా? కొన్ని పాలసీల్లో వేరే జబ్బుకే. గుండెకి మొదటిసారి చేరినవాళ్లు రెండోసారీ గుండెకే చేరతారు గదండీ.

భార్యాభర్తలిద్దరికీ కలిపి ఒకే పాలసీ తీసుకుంటే ప్రీమియం ఇద్దరిలో పెద్దవాళ్ల వయసుని బట్టి వేస్తారు. రెండు రకాలుగానూ ధర అడిగి చూడండి. మాకైతే విడివిడిగా తీసుకోవడమే లాభించింది. క్లెయిమ్ చెయ్యని ఏడాదికి నాకొచ్చే బోనస్‌ని ఆయన క్లెయిమ్ మింగదు. కొడుకూ కోడలూ పిల్లలూ ఉన్న పాలసీలో మనల్ని ఇరికించడం మాత్రం వద్దు. వాళ్ల ప్రీమియాన్ని మన వయసు పెంచుతుంది, వాళ్ల లక్షల్ని మన ఆపరేషన్ ఖర్చు పెడుతుంది.

మా అబ్బాయి కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీలో మేం మూడేళ్లున్నాం. నిరీక్షణ కాలం లేదు, కో-పే లేదు, మహారాజ భోగం. వాడు ఉద్యోగం మారిన రోజున అది పోయింది. కొత్త కంపెనీలో తల్లిదండ్రులకి బీమా లేదు. ఆ మూడేళ్లూ మా సొంత పాలసీ ఆపకుండా కట్టబట్టి బతికిపోయాం. "అబ్బాయి కంపెనీలో ఉందిగా" అని సొంతది మానేసిన మా వీధిలో ఆయన 72వ ఏట మళ్లీ కొత్తగా ఫారాలు నింపుతున్నారు. పిల్లల కంపెనీ పాలసీ ఉంటే వాడుకోండి. దాన్ని మాత్రం లెక్కలో కలపకండి.

ప్రీమియం ఈ ఏడాది కట్టగలమా అని కాదు, డెబ్బై అయిదో ఏట కట్టగలమా అని చూడాలి. అదే పాలసీకి 71, 76, 81 ఏళ్లకి ఈరోజు రేటెంతో పట్టికలో చూపించమని అడగండి. ఏజెంటు తప్పించుకుంటే కంపెనీ వెబ్‌సైట్లో పుట్టిన తేదీ మార్చి మార్చి మీరే చూడొచ్చు, నేనలాగే చూశాను. అరవై దాటినవాళ్ల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందు తమతో సంప్రదించాలని 2025 జనవరిలో ఐఆర్‌డీఏఐ కంపెనీలకి చెప్పింది. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు. క్లెయిమ్ చేశారన్న కారణంతో రెన్యువల్ ఆపడానికి వీల్లేదు. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను లెక్క వేసుకునేవాళ్లకి, 80డి అని అందరికీ తెలిసిన మినహాయింపు కింద సీనియర్ సిటిజన్ల ప్రీమియం మీద ఏడాదికి 50,000 దాకా ఉంది. నగదు కాకుండా చెక్కుతోనో ఆన్‌లైన్లోనో కట్టాలి. కొత్త పద్ధతిలో ఇది లేదు.

రెన్యువల్ తేదీ దాటితే ఏడాది ప్రీమియానికి 30 రోజుల గ్రేస్ ఉంటుంది. ఆ రోజుల్లో కడితే ఏళ్ల లెక్క తెగదు. కానీ డబ్బు కట్టని ఆ మధ్య రోజుల్లో ఆసుపత్రిలో చేరితే కవర్ ఉండదు. నేను పదిహేను రోజుల ముందే కట్టేస్తాను. మా వారు దాన్ని చాదస్తమంటారు.

ఎవరూ పాలసీ ఇవ్వకపోతే? 78 ఏళ్లుండి, స్టెంట్లు పడి, కిడ్నీ అంతంత మాత్రంగా ఉన్న మా పెద్దాడపడుచుకి అదే జరిగింది. ఆఖరికి ఒక కంపెనీ ఒప్పుకుంది గానీ 30 శాతం కో-పే, మూడేళ్ల నిరీక్షణ, ప్రీమియం చూస్తే కళ్లు తిరిగేంత. బిల్లు లెక్క వేసి చూసి వద్దనే చెప్పాను. వయ వందన కార్డు చేయించి, ప్రీమియానికి అనుకున్న డబ్బుతో పాటు మరికొంత కలిపి విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయించాం. ఖాతా ఆవిడ పేరు, కూతురి పేరు, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేటట్టు. ఐసీయూలో ఉన్న మనిషి చేత సంతకం పెట్టించలేం కదా.

సంతకం పెట్టే ముందు ఇంకొక్క పని. మీరు మామూలుగా వెళ్లే ఆసుపత్రికి, ఒంట్లో బాగున్న రోజునే వెళ్లి, ఇన్సూరెన్స్ కౌంటర్లో కూర్చునే అమ్మాయిని అడగండి: ఈ కంపెనీకి మీ దగ్గర క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా మీకు కట్టే పద్ధతి) ఉందా, ఈ మధ్య ఆపేశారా, డబ్బు సరిగా ఇస్తున్నారా? మధ్యాహ్నం మూడు గంటలప్పుడు వెళ్తే కాస్త తీరిగ్గా ఉంటారు. ఏ కంపెనీ పేపర్లు తిప్పి తిప్పి పంపుతుందో వాళ్లకి తెలిసినంత ఏ వెబ్‌సైట్‌కీ తెలియదు. నేను మూడు ఆసుపత్రుల్లో అడిగాను. ఇద్దరు ఒకే కంపెనీ పేరు చెప్పి పెదవి విరిచారు. అది నా జాబితాలో రెండోది, కొట్టేశాను.

ఆసుపత్రిలో చేరాక విషయాలు పొట్టిగా చెబుతాను. క్యాష్‌లెస్ అడిగితే కంపెనీ గంటలోపు జవాబివ్వాలి. డిశ్చార్జి బిల్లు పంపాక మూడు గంటల్లో తేల్చాలి. అంతకు మించి ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వేస్తే ఆ ఖర్చు కంపెనీదే. 2024 మే నెలలో వచ్చిన ఆదేశాలివి. 2022లో మేం పొద్దున్న పదింటికి డిశ్చార్జి రాయించుకుని రాత్రి ఏడింటికి బయటపడ్డాం. కౌంటర్ ముందు కుర్చీలో కూర్చుని ఆయన టిఫిన్, భోజనం రెండూ చేశారు.

క్లెయిమ్ కొట్టేస్తే లేదా కోస్తే, పాలసీలో ఏ షరతు ప్రకారమో రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా తగాదాలు తీర్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. మన రెండు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా తీర్పు చెప్పగలరు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్లో గానీ, 155255 నంబరుకి ఫోన్ చేసి గానీ ఫిర్యాదు నమోదు చెయ్యొచ్చు.

మా ఇంట్లో ఇవన్నీ ఒక నీలం ఫైల్లో ఉంటాయి: పాలసీలు, కార్డులు, ఆధార్ జిరాక్సులు, ఆయన వేసుకునే మందుల చీటీ, ఆ 2022 బిల్లు. ఫైలు ఫ్రిజ్ పైన. ఎక్కడుందో పక్కింటి వాళ్లకీ తెలుసు, మా అబ్బాయి ఫోన్లో ఫోటోలున్నాయి. మొన్న రెన్యువల్‌కి కొత్త పాలసీ ఒకటి చూపిస్తానని ఒకతను వచ్చాడు. బిల్లు తీసి బల్ల మీద పెట్టి, "దీనికి మీరెంత ఇస్తారో రాయండి బాబూ" అని పెన్ను చేతికిచ్చాను. రూము అద్దె దగ్గర ఆగిపోయి, ఆఫీసులో కనుక్కుని వస్తానన్నాడు.